డోలు లేని పాటలు

ఆ ఆదివారం పన్నెండు గంటల నలభై నిమిషాలకు మా వంటింట్లో తలకాయ కూర ఉడికింది. ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం మా బావ. సభ పన్నెండింటికి మొదలు కావాలని ఆయన నిర్ణయించాడు. కూర ఉడికితే గాని ఏదీ మొదలు కాదని మా అమ్మ నిర్ణయించింది. ఆ నలభై నిమిషాలూ బావ గోడ గడియారం చూస్తూ వాకిట్లోకీ ఇంట్లోకీ తిరిగాడు. ఆ రోజుల్లో, అంటే రాష్ట్రం వచ్చిన కొత్తలో, మా చిట్యాలలో నలుగురు ఒకచోట కూర్చుంటే దాన్ని సభ అనేవారు. ఆ నలుగురిలో ఒకరికి తప్పకుండా శాలువా కప్పేవారు. కప్పించుకున్నవాడు వారం తిరక్కుండా ఇంకొకరికి కప్పేవాడు. ప్రతివాడికీ తాను చరిత్రలో ఉన్నానని నమ్మకం. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ని. వయసు ఇరవై నాలుగు. ఆ నమ్మకం నాకూ ఉండేది.

మా బావ (మేనమామ కొడుకు, నాకంటే ఆరేళ్లు పెద్ద) ఆ రోజుల్లో కాబోయే రాక్ గాయకుడు. ఈ మాట నేను వెటకారానికి అనడం లేదు. ఆయన తనను తాను అలాగే పరిచయం చేసుకునేవాడు. కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటానని హైదరాబాదు వెళ్లి, మూడేళ్ల తర్వాత భుజాల దాకా జుట్టుతో, ఒక గిటారుతో తిరిగొచ్చాడు. కోర్సు సంగతి ఎవరూ అడగలేదు. జుట్టు చూశాక అడగాలనిపించదు. పెళ్లిచూపులకు పోయినప్పుడు కూడా కాబోయే రాక్ గాయకుణ్నని చెప్పాడు. పిల్ల తండ్రి పెద్దమనిషి, ఓపికగా విని, "మరి అయ్యేదెప్పుడు బిడ్డా?" అని అడిగాడు. సంబంధం అక్కడితో ఆగింది.

బావకు ఒక బ్యాండు ఉండేది. అందులో గిటారూ గొంతూ ఆయనవి. సాహిత్యం నాది (ఆ సాహిత్యం ఇప్పుడు దొరకదు, దొరకకపోవడమే మేలు). మూడోవాడు దరువు. అది వాడి పేరు కాదు గాని కట్టంగూరు నుంచి చిట్యాల దాకా ఆ పేరుతోనే పిలిచేవారు. గొర్లు కాసే ఇంట్లో పుట్టాడు. వాళ్ల బాపు ఊళ్లో ఒక ఆసామి మంద కాస్తూనే ఒగ్గు కథల్లో డోలు కొట్టేవాడు, కొడుక్కి నేర్పాడు. దరువు డోలు కొడుతుంటే మనుషులు చేస్తున్న పని ఆపి చూసేవారు. అంతకంటే ముఖ్యమైన విషయం, వాడు కొడుతుంటే బావ తప్పులు వినిపించేవి కావు. మా బ్యాండు ఆ ఒక్క ఆధారం మీద నిలబడి ఉండేది. ఇది నాకు తెలుసు, మా అమ్మకు తెలుసు, బావకు కూడా లోపల తెలుసనే అనుకుంటాను.

అలాంటి సమయంలో మాకు ఒక అవకాశం వచ్చింది. మా కాలేజీ వార్షికోత్సవంలో ఇరవై నిమిషాలు. ప్రిన్సిపాల్ను ఒప్పించింది నేనే. రాక్ అంటే ఏమిటని ఆయన అడగలేదు. డ్యాన్స్ ఉంటుందా అని అడిగాడు, ఉండదంటే కొంచెం చిన్నబోయాడు, చివరికి మధ్యలో కాలేజీ ఉత్తీర్ణత శాతం గురించి ఒక పాట పాడాలనే షరతు మీద ఒప్పుకున్నాడు. ఆ పాట నేను రాశాను కూడా. బావ మాత్రం ఆ ఇరవై నిమిషాల తర్వాత తన బతుకు వేరే ఉంటుందని గట్టిగా నమ్మాడు. హైదరాబాదు నుంచి పాటల రికార్డింగు చేసే స్నేహితుడెవరో వచ్చి చూస్తానన్నాడట. బావ గిటారుకు కొత్త తీగలు వేయించాడు. తనకు ముప్పై నిండాయనీ, ఇది కాకపోతే ఇక ఏదీ కాదనీ ఒకసారి నాతో మామూలు గొంతుతో అన్నాడు. అది తప్ప ఆ నెలలో ఆయన మామూలు గొంతుతో మాట్లాడటం నేను వినలేదు.

సరిగ్గా అప్పుడే దరువు వెనకాడటం మొదలుపెట్టాడు. ప్రాక్టీసుకు ఆలస్యంగా వచ్చేవాడు, వచ్చినా ఒక మూల కూర్చునేవాడు. "గీ రాక్ నాతోని అయితదా అన్నా? నేను డోలు కొట్టెటోన్ని. మీ ఇంగ్లీషు పాటలల్ల నేనేడ సరిపోత?" అనేవాడు. నకిరేకల్ దగ్గర ఒక పెళ్లి బ్యాండువాళ్లు వాణ్ని రమ్మంటున్నారని కూడా తెలిసింది. వాడు పోతే మాకు బ్యాండు లేదు. వాడి సిగ్గు పోగొట్టాలి, పల్లె వాద్యంతో వచ్చినవాడు తక్కువవాడు కాదని వాడికి నమ్మకం కలిగించాలి. దానికి బావ ఒక మార్గం కనిపెట్టాడు. మార్గాలు కనిపెట్టడంలో ఆయన ఎప్పుడూ సోమరి కాదు.

అమెరికాలో ఒక రాక్ గిటారు పెద్దాయన ఉండేవాడు. బావకు ఆయనంటే దేవుడు. ఆ పెద్దాయన పేరు రావడానికి చాలా ముందు, ఇరవై ఏళ్ల వయసులో, చిన్న చిన్న గదుల్లో నలుగురు స్నేహితులతో కలిసి వాయించిన పాటలు కొన్ని ఎవరో రికార్డు చేసి దాచారు. అవి రాక్ కావు. అక్కడి కొండల్లో బతికే రైతుల పాటలు, బ్లూగ్రాస్ అంటారు. ఆయన గిటారు కూడా కాదు, బేంజో అనే తీగల వాద్యం వాయించాడు. ఆ పాటలు హైదరాబాదు స్నేహితుడి ద్వారా ఒక పెన్‌డ్రైవులో బావ చేతికొచ్చాయి. "ఈయన గూడ మనోని లెక్కనే బామ్మర్ది. రాక్‌లకు వచ్చే ముందుగాల ఊరోళ్ల పాటలే కొట్టిండు. గది ఒక్కపారి వింటే దరువుగానికి సిగ్గు పోతది" అన్నాడు. ఆలోచన మంచిదే. బావ ఆలోచనలన్నీ మంచివే. వాటిని ఆయన అమలు చేయకుండా ఉంటే ఇప్పటికీ మంచివిగానే ఉండేవి.

ఊరికే పిలిచి వినిపిస్తే సరిపోయేది. బావకు ఊరికే చేయడం చేతకాదు. గౌరవంగా చేద్దామన్నాడు. మా అమ్మతో తలకాయ కూర వండించాడు. మా ఇంట్లో చేతుల కుర్చీ ఒకటే ఉంది. అది మా నాయినది. ఆ రోజు నాయినను చాప మీద కూర్చోబెట్టి కుర్చీలో దరువును కూర్చోబెట్టాడు. నాయిన మారుమాట లేకుండా చాప మీద కూర్చున్నాడు. మా నాయిన ఆ కుర్చీని కలెక్టరు వచ్చినా వదిలే మనిషి కాదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఒంటిగంటకు భోజనాలయ్యాయి. అమ్మ దరువుకు అడిగి అడిగి వడ్డించింది. తర్వాత బావ శాలువా ఏదని అడిగాడు. కొనడం మరిచిపోయాడు. అమ్మ పెట్టె తెరిచి, ప్లాస్టిక్ కవరు విప్పని శాలువా ఒకటి తెచ్చింది. నాయిన పోచంపల్లిలో చేనేత సంఘం ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజు ఆయనకు కప్పింది అది. బావ దాన్ని దరువు భుజాల మీద కప్పి రెండు మాటలు మాట్లాడాడు. అలాంటి చోట ఏం మాట్లాడాలో ఆయనకు వేరే తెలియదు. అందరూ మాట్లాడేదే మాట్లాడాడు. దరువు బ్యాండుకు చేసిన సేవ మరువలేనిదన్నాడు. అలాంటి మనిషి దొరకడం మా అదృష్టమన్నాడు. ఎక్కడున్నా చల్లగా ఉండాలన్నాడు. (ఈ చివరి మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. మైకు ముందు నిలబడి అందరూ అంటారు, ఆయనా అన్నాడు. మైకు కూడా లేదు.) మేం చప్పట్లు కొట్టాం.

అప్పుడు పాటలు పెట్టాడు. హోం థియేటరు పెట్టెలు నాలుగూ గది నాలుగు మూలలా పెట్టి ఉన్నాయి. బేంజో మొదలైంది. రేకుల కప్పు మీద రాళ్లవాన పడ్డట్టు ఉంది, కాని ఆ వాన ఒక లెక్క ప్రకారం పడుతోంది. పాడేవాళ్లు ముక్కుతో, చాలా ఎత్తున పాడుతున్నారు. మధ్యలో ఎవరో దగ్గుతున్నారు, కాఫీ కప్పు కింద పెడుతున్నారు. నాకు నిజంగానే బాగుందనిపించింది. పేరు రాకముందు మనిషి ఎట్లా ఉంటాడో అట్లా ఉన్నాడు ఆ పెద్దాయన. వాయించడం తప్ప ఇంకే పనీ లేనట్టు వాయిస్తున్నాడు. దరువు వేళ్లు కుర్చీ చేతుల మీద కదులుతున్నాయి. డోలు దెబ్బ ఎక్కడ పడాలో వెతుకుతున్నాడు. ఒక పాట అయింది, రెండోది అయింది. మూడో పాటకు వేళ్లు ఆగాయి.

"అన్నా, డోలేది?" అన్నాడు.

బావ ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు ముందుకు వంగాడు. "ఉండది. గీ పాటలకు డోలు అక్కర్లేదు. అదే దీని గొప్పతనం" అన్నాడు.

దరువు తలాడించాడు. తర్వాత నా వైపు తిరిగి, ఆయన ఏం పాడుతున్నాడు సారూ అని అడిగాడు. ఇంగ్లీషు చెప్పేవాణ్ని గదా, ఆ కొండల యాస నాకు సగమే అర్థమవుతున్నా, అర్థమైన సగాన్ని పాఠంలా చెప్పాను. ఊరిడిసి పోతున్న అంటున్నడన్నాను. తర్వాతి పాటలో ఏమంటున్నాడని అడిగాడు. అందులోనూ పోతున్నాడు, కాకపోతే ఈసారి రైలులో. ఆ తర్వాతి పాటలో స్నేహితులకు చెప్పి మరీ పోతున్నాడు. బ్లూగ్రాస్‌లో మనుషులు ఇళ్లలో ఉండరని నాకు ఆ రోజే తెలిసింది. "మల్ల వస్తడా సారూ?" అన్నాడు దరువు. నేను కళ్లు మూసుకుని, శ్రద్ధగా విని, తెలిసినవాడిలా, "రాడు" అన్నాను.

పాటలయ్యాక నాయిన లేచి వచ్చి దరువు భుజం తట్టి, "ఇగ జర ఆరాం చెయ్యి కొడుకా" అన్నాడు. దరువు వంగి నాయిన కాళ్లకు మొక్కాడు. కూర మంచిగుందని అమ్మకు చెప్పాడు. శాలువా మడతపెట్టి చంకలో పెట్టుకుని, బావ ముందు నిలబడి రెండు చేతులూ జోడించి, "పోయొస్త సార్" అన్నాడు. అప్పటిదాకా వాడు బావను సార్ అని ఎన్నడూ అనలేదు. వాడు వీధి మలుపు తిరిగే దాకా బావ వాకిట్లో నిలబడి చూశాడు. "సూసినవా బామ్మర్ది, మంచి సంగీతం మనిషిని ఎట్ల మారుస్తదో. సార్ అంటున్నడు" అన్నాడు.

తర్వాతి ప్రాక్టీసుకు దరువు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. వారం తర్వాత, వాడు పెళ్లి బ్యాండులో చేరాడని కట్టంగూరు నుంచి వచ్చిన పాలాయన చెప్పాడు. బావ, అమ్ముడుపోయిండన్నాడు. ఫోన్ చేసి అడుగుదామని నేనంటే, కుర్చీ వేసి కూర్చోబెట్టింది తనే, శాలువా కప్పింది తనే, మళ్లీ ఫోన్ కూడా తనే చేయాలా అన్నాడు. నేనైనా చేయవచ్చు. చేయలేదు. అంత గౌరవం చేశాక ఎందుకు పోయావని అడగడం మాకు మర్యాదగా తోచలేదు.

వార్షికోత్సవం రోజు మేమిద్దరమే స్టేజీ ఎక్కాం. బావ గిటారు వాయించి పాడాడు. నేను పక్కన నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, అప్పుడప్పుడు తల ఊపాను. దరువు లేకపోవడంతో బావ సంగీతం మొదటిసారి ఉన్నది ఉన్నట్టు అందరికీ వినిపించింది. పిల్లలు గోల చేయలేదు. గోల చేసినా బాగుండేది. చాలా ఓపికగా కూర్చున్నారు. ఇరవై నిమిషాలయ్యాక మేం దండం పెడితే ముందు వరుసలో ఒక పిల్లవాడు లేచి, "మైక్ టెస్టింగ్ అయిపోయిందా సార్?" అని వినయంగా అడిగాడు. హైదరాబాదు స్నేహితుడు రాలేదు. అది ఒక్కటే ఆ రోజు మాకు కలిసొచ్చింది.

బావ జుట్టు కత్తిరించుకున్నాడు. హైవే పక్కన ప్లాట్లు అమ్మే వెంచరులో చేరాడు. ఎండలో గొడుగు పట్టుకుని ఖాళీ కంచె భూమిలో నిలబడి, ఇటు కాబోయే రింగు రోడ్డు, అటు కాబోయే షాపింగ్ మాల్ అని చూపించేవాడు. ఆ మాటతో ఆయనకు ఏళ్ల సాధన ఉంది. బాగా రాణించాడు. గిటారు గోడకు వేలాడింది. ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలు దాని తీగలు ఒక్కొక్కటే తెంపారు.

దరువు మాత్రం పెళ్లి బ్యాండులో మంచి పేరు తెచ్చుకున్నాడు. మాకు తెలిసిన పెళ్లిళ్లలోనే కలిసేవాడు. కలిసినప్పుడల్లా బావకు రెండు చేతులూ జోడించి, "బాగున్నరా సార్" అనేవాడు. బావ, "బాగున్న, మీరెట్లున్నరు" అనేవాడు. ఒకప్పుడు ఒకే ప్లేటులో మిర్చి తిన్న ఇద్దరు మనుషులు. మా దిక్కు మనసు విరిగినవాడు తిట్టడు, గౌరవం పెంచుతాడు. తిట్టేవాడితో ఎప్పుడో ఒకప్పుడు రాజీ పడొచ్చు. సార్ అనేవాడిని ఎక్కడ పట్టుకుంటాం? ఇట్లా ఏడేళ్లు మర్యాదగా గడిచాయి.

బావకు కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు నల్లగొండ దవాఖానలో డయాలసిస్. నాలుగు గంటలు మంచం మీద కదలకుండా ఉండాలి. సెలవు దొరికినప్పుడు నేను తోడు పోయేవాణ్ని. ఫోనులో ఆ అమెరికా పెద్దాయన పాత పాటలే పెట్టుకునేవాడు, ఆయన రాక్ పాటలు మాత్రం పెట్టేవాడు కాదు. ఎందుకని నేను అడగలేదు. ఒక రోజు పొద్దున దరువు వచ్చాడు. చేతిలో బత్తాయిల సంచి. (ఆ రోగానికి బత్తాయిలు కూడవని వాడికి తెలియదు.) స్టూలు మీద అంచున కూర్చుని, ఆరోగ్యం ఎట్లుంది సార్ అన్నాడు. మంచిగనే ఉన్న అన్నాడు బావ, ఒంట్లోని రక్తమంతా పక్కన మిషన్లో తిరుగుతుండగా. ఫోనులో బేంజో మోగుతోంది. దరువు కాసేపు విన్నాడు.

"గవే పాటలు గదా సార్" అన్నాడు. "నన్ను తోలిచ్చిన పాటలు."

"ఎవలు తోలిచ్చిండ్రు?"

"మీరే."

"నేనెందుకు తోలిస్త? నువ్వే పోతివి."

దరువు నా వైపు చూశాడు, మళ్లీ బావ వైపు చూశాడు. "మా బాపును మంద కాడికెల్లి మాన్పిచ్చిన నాడు ఆసామి ముఖం మీద ఏమనలే. ఇంటికి పిలిచిండు. కుర్చీల కూసోబెట్టిండు. తలకాయ కూర పెట్టిండు. కొత్త గొంగడి కప్పిండు. తెల్లారి నుంచి మా బాపు ఇంటి కాడనే ఉన్నడు. మీరు కుర్చీ ఏసిండ్రు, తలకాయ కూర పెట్టిండ్రు, శాలువా కప్పిండ్రు. చేసిన సేవ మరువం అన్నరు. డోలు లేని పాటలు పెట్టి, డోలు అక్కర్లేదన్నరు. గీ సారేమో పోయినోడు మల్ల రాడన్నడు. ఇంకెట్ల చెప్తరు?"

బావ కప్పు వైపు ముఖం తిప్పుకున్నాడు. ముందు ఆయన పొట్ట కదిలింది. తర్వాత భుజాలు. నవ్వుతున్నాడని నాకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. దరువు అయోమయంగా చూశాడు. నేను మొదలుపెట్టాను. చివరికి వాడూ మొదలుపెట్టాడు. మిషను కూత పెట్టింది. నర్సు పరుగున వచ్చి సూది కదిలిందని బావను, పక్కన కూర్చుని నవ్విస్తున్నామని మమ్మల్ని తిట్టింది. నవ్వు ఆపుకోవడానికి దరువు బత్తాయి సంచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

నర్సు పోయాక బావ, "నిన్ను ఉంచుకుందామని చేసినరా అదంత" అన్నాడు.

"గట్లయితే ఉండమని అనొద్దానే అన్నా?" అన్నాడు దరువు.

ఆ సాయంత్రం ఇంటికి పోయి నాయినను అడిగాను. ఆయనకు ఆశ్చర్యం కలగలేదు. దరువును పంపిస్తున్నారనే తానూ అనుకున్నాడట. పిల్లలైనా ఎంత పద్ధతిగా పంపారని మెచ్చుకున్నాడట. అందుకే కుర్చీ ఇచ్చాడట. అమ్మ కూడా అట్లాగే అనుకుంది. ఆ రోజు ఆ గదిలో సభ ఎందుకు జరుగుతోందో తెలియనివాళ్లం మేమిద్దరమే, బావా నేనూ. అందులో ఒకరు కాబోయే రాక్ గాయకుడు, ఇంకొకరు సాహిత్యం.

ఆ తర్వాత పెళ్లిళ్లు లేని రోజుల్లో దరువు దవాఖానకు వచ్చేవాడు. పాట పెట్టగానే మంచం ఇనుప చువ్వ మీద రెండు వేళ్లతో మెల్లగా కొట్టేవాడు. ఆ పాటకు డోలు ఉండదురా అని బావ కోప్పడేవాడు. "ఎవలద్దన్నరు? ఆ అమెరికాయన వచ్చి చెప్పిండా?" అనేవాడు దరువు. నేను మధ్యలో కూర్చుని వినేవాణ్ని. ఆ పాటలకు నిజంగా డోలు అక్కర్లేదు. అయినా వాడు కొట్టేది బాగుండేది. బావ కూడా కాసేపటికి కోప్పడటం మాని కళ్లు మూసుకునేవాడు. అట్లా ఒక ఎండాకాలం గడిచింది. వానలు పడ్డాక బావ పోయాడు. వెంచరువాళ్లు సంతాప సభ పెడతామని, ఇంటివాళ్లకు శాలువాలు కప్పుతామని వచ్చారు. దరువు వాళ్లకు దండం పెట్టి, చాయ తాగించి, వద్దని ముఖం మీదనే చెప్పి పంపించాడు.

నేనిప్పుడు మహబూబ్‌నగర్లో పనిచేస్తున్నాను. చిట్యాల పోయినప్పుడు హైవే మీద చాయ దుకాణంలో దరువును కలుస్తాను. సారూ అనడం మానేశాడు, ఏందిరా అంటాడు. వాడి నోట ఆ మాట వినడానికి నాకు పదేళ్లు పట్టింది. ఇరవై నాలుగేళ్ల వయసులో కళ్లు మూసుకుని పాటలకు అర్థాలు చెప్పిన ఆ కుర్రవాడు గుర్తొస్తే కోపం రాదు, నవ్వే వస్తుంది. ఆ కుర్రవాడికి ఇంగ్లీషు మాత్రం పర్వాలేదు. ఆ బేంజో పాటలు దరువు ఫోనులోనూ నా ఫోనులోనూ ఉన్నాయి. చాయ తాగుతాం, పెళ్లిళ్ల సంగతులు మాట్లాడుకుంటాం, లేచి ఎవరి బస్సు వాళ్లం ఎక్కుతాం. డోలు ఉండదురా అని కోప్పడే మనిషి లేడు, ఆ పాటలు మాత్రం ఇప్పుడు పెట్టుకోం.